ఇష్ బిన్ డ్రన్: జర్మన్‌లో మన వంతు మనం అడగడం

బెంగళూరులో జర్మన్ నేర్చుకునే తెలుగువాళ్లకి కొదవ లేదు. నర్సు ఉద్యోగానికి వెళ్లాలనుకునేవాళ్లు, ఎం.ఎస్.కి వెళ్లేవాళ్లు, భర్త అక్కడుంటే ఫ్యామిలీ వీసా కోసం ఏ1, అంటే మొట్టమొదటి స్థాయి పరీక్ష రాసేవాళ్లు, ఆఫీసులో జర్మన్ క్లయింట్ ఉన్నాడని చేరినవాళ్లు, ఇలా నేను వెళ్లే వీకెండ్ క్లాసులో బ్రేక్ ఇస్తే చాలు, కారిడార్‌లో సగం మాటలు తెలుగులోనే వినిపిస్తాయి. అందరం మొదట నేర్చుకున్న పాఠం ఒకటే: నా పేరు ఫలానా, మాది ఫలానా ఊరు, నాకొక తమ్ముడు, నా హాబీ వంట చేయడం. ఇవి అక్కర్లేదని అనను. కానీ అక్కడ దిగిన మొదటి వారంలో మీ హాబీ ఏమిటని అడిగేవాళ్లు ఎవరుంటారు చెప్పండి. బ్రెడ్డు కొనడానికి వెళ్లినా, డాక్టర్ దగ్గర కూర్చున్నా, నలుగురితో కలిసి ఉండే ఇంట్లో వంటగదిలోకి వెళ్లినా ముందు తేలాల్సింది ఇప్పుడు ఎవరి వంతు అన్నది. ఆ మాటలేమో పుస్తకంలో ఎక్కడో ఆటల పేజీలో చిన్న బాక్సులో ఉంటాయి. వాటిని మొదటి వారంలోనే, పేరు చెప్పడం నేర్పిన మర్నాడే నేర్పాలని నా గట్టి అభిప్రాయం.

మా తమ్ముడు స్టుట్‌గార్ట్‌లో చదువుకుంటున్నాడు. వాడుండే వీధిలో బేకరీ ఉంది, అందులో లైను అంటూ కనపడదట, గాజు షెల్ఫు ముందు నలుగురైదుగురు అటొకరు ఇటొకరు నిలబడి ఉంటారు. అయితే లోపలికి అడుగుపెట్టిన ప్రతి మనిషీ తనకంటే ముందు ఎవరెవరున్నారో ఒక్క చూపుతో లెక్కేసుకుని అప్పుడు నిలబడతారు. కౌంటర్ వెనకావిడ తలెత్తి "వేర్ ఇస్ట్ డ్రన్?" అంటుంది, అంటే ఎవరి వంతు అని. ఎవరిదైతే వాళ్లు "ఇష్" అనేసి తమకి కావాల్సింది చెప్పేస్తారు. ఒకరోజు వీడు అలా నిలబడి ఉంటే, ఆ ప్రశ్న రాగానే పక్కనున్న పెద్దావిడ వీడివైపు చెయ్యి చూపించి ఈ అబ్బాయి నాకంటే ముందొచ్చాడు అందట. "అక్కా, ఆవిడ నన్ను చూసిందనే నాకు తెలీదు, నా వంతు మాత్రం గుర్తుపెట్టుకుంది" అని ఫోన్లో ఎంత సంతోషంగా చెప్పాడో. కొత్త ఊళ్లో, ఎవరూ తెలియని చోట, అది చిన్న విషయమేం కాదు.

సరే, అసలు మాటకి వద్దాం. డ్రన్. దీన్ని డ్రాన్ అని సాగదీయకూడదు, అకారం పొట్టిది, రకారం గొంతులోంచి వస్తుంది. "ఇష్ బిన్ డ్రన్" అంటే నా వంతు. "డూ బిస్ట్ డ్రన్" అంటే నీ వంతు. "జీ జింట్ డ్రన్" అంటే మీ వంతు. నువ్వు, మీరు తేడా మనకి ఎవరూ కూర్చోబెట్టి చెప్పక్కర్లేదు, బస్సులో పక్క సీటు పెద్దాయన్ని నువ్వు అనకూడదని మనకి పుట్టుకతోనే తెలుసు, కాబట్టి అక్కడ మన పని సులువు. ఒక్కటి గమనించుకోవాలి. మనం వంతు వచ్చింది, వంతు అయిపోయింది అంటూ వంతుని పట్టుకుని మాట్లాడతాం, ఇంగ్లిష్‌లోనూ అంతే. ఇక్కడ మాత్రం వాక్యంలో వంతు అనే నామవాచకమే ఉండదు, మనిషే కర్త. అందుకే "నా" అనే మాటతో మొదలుపెడితే వాక్యం ఎటూ పోదు. "ఇష్"తో మొదలుపెట్టాలి, అంతే.

దీనికే కాస్త పెద్దమనిషి తరహా రూపం "అన్ డేర్ రైయె". రైయె అంటే వరస. "ఇష్ బిన్ అన్ డేర్ రైయె" అన్నా అర్థం అదే. ఉత్తరాల్లో, ఆఫీసుల్లో, కొంచెం మర్యాదగా మాట్లాడేచోట వినిపిస్తుంది, వింటే అర్థమైతే చాలు, నోటితో మాత్రం డ్రన్ అలవాటు చేసుకోండి. అన్నట్టు ఈ రైయె ఇంకోచోట కూడా పనికొస్తుంది: "డేర్ రైయె నాఖ్" అంటే ఒకరి తర్వాత ఒకరు, వరసగా అని. టీచర్లు, బస్సు డ్రైవర్లు, చిన్నపిల్లల తల్లులు రోజంతా అనే మాట ఇది.

కౌంటర్ దగ్గరి మాటలు ఎక్కువ కావాలి, కాబట్టి ఇక్కడ కాస్త నెమ్మదిగా చెబుతాను. మన వంతు అనిపిస్తోంది కానీ ఖాయంగా తెలీదు, అప్పుడు "ఎంట్‌షుల్డిగుంగ్, ఇష్ గ్లౌబె, ఇష్ బిన్ డ్రన్" అనాలి, క్షమించండి, నా వంతే అనుకుంటాను అని. ఆ "ఇష్ గ్లౌబె" మధ్యలో పడితే మాట మెత్తబడుతుంది, ఎదుటివాళ్లు కూడా ఓ సారీ చెప్పి పక్కకి జరుగుతారు. "ఇష్ వార్ ట్సుఎర్స్ట్ డా", అంటే నేనే ముందొచ్చాను అన్న వాక్యం కూడా ఉంది, అది తప్పేం కాదు గానీ ఉయ్యాల దగ్గర పోట్లాడుకునే పిల్లల నోట్లో బాగుంటుంది, మనం ఆపుకోవడం మేలు. ఎదుటివాళ్లదే ముందైతే "జీ వారెన్ ఫోర్ మీర్", మీరు నాకంటే ముందున్నారు. తలుపు దగ్గర, లిఫ్ట్ దగ్గర "నాఖ్ ఈనెన్", మీ తర్వాతే నేను. డాక్టర్ దగ్గర టోకెన్ ఇవ్వని చోట, కొత్తగా లోపలికి వెళ్లినప్పుడు "వేర్ ఇస్ట్ డేర్ లెట్స్‌టె?", చివరగా వచ్చినవారెవరు అని అడిగి ఆ మనిషిని గుర్తుపెట్టుకుంటే చాలు, ఆ తర్వాత మనమే. లోపల్నించి "డేర్ నేష్‌స్టె, బిట్టె!" అని వినపడితే నెక్స్ట్ వాళ్లు రావచ్చని.

నాకు వీటన్నిట్లో బాగా నచ్చింది సూపర్‌మార్కెట్ మాట. బండి నిండా సామాన్లున్నవాళ్లు, వెనకాల ఒక్క పాలప్యాకెట్ పట్టుకున్న మనిషిని చూసి "గేయెన్ జీ రూయిష్ ఫోర్" అంటారు, పర్లేదు మీరు ముందుకెళ్లండి అని. అలా ముందుకి పోనివ్వడాన్ని ఫోర్‌లస్సెన్ అంటారు. దీనికి ఎదురు మాట ఫోర్‌డ్రెంగెల్న్, అంటే లైన్లో దూరడం, అది మాత్రం చాలా కోపం తెప్పించే పని, "బిట్టె హింటెన్ అన్‌ష్టెలెన్" అని గట్టిగానే అంటారు, దయచేసి వెనక నిలబడండి అని. మనల్ని ఉద్దేశించి అన్నారని అర్థం కాకపోతే ఇబ్బంది, అందుకే అనడం రాకపోయినా వినడం రావాలి.

ఇవన్నీ ఇక్కడే ప్రాక్టీస్ చేసుకోవచ్చు, అదీ నేను చెప్పొచ్చేది. నేను కె.ఆర్. పురం నుంచి పర్పుల్ లైన్ మెట్రోలో ఇందిరానగర్ వెళ్తాను, దిగి క్లాసుకి ముందు దర్శినిలో, అంటే నిలబడి తినే చిన్న హోటల్లో, టిఫిన్. దర్శిని సంగతి తెలిసిందే కదా, ముందు క్యాష్ కౌంటర్లో డబ్బులు కట్టి చీటీ తీసుకోవాలి, ఆ చీటీ తీసుకుని దోసెల కౌంటర్‌కి వెళ్తే అక్కడ స్టీలు గట్టు మీద అప్పటికే ఏడెనిమిది చేతులు, ఒక్కో చేతి వేళ్ల మధ్య ఒక్కో చీటీ, కొన్ని చీటీలు తడి గట్టుకి అతుక్కుపోయి ఉంటాయి. లోపలబ్బాయి అన్నీ ఒకేసారి లాక్కుని, చించి, ఎవరిది ఏదో గుర్తుపెట్టుకుని ప్లేట్లు తోస్తాడు, వాడి జ్ఞాపకశక్తికి దండం పెట్టొచ్చు. నేను అక్కడ నిలబడి మనసులో ఒక్కొక్కరినీ చూస్తూ అనుకుంటాను: ఈయన నాకంటే ముందు, జీ వారెన్ ఫోర్ మీర్, ఆ స్కూలు పిల్ల డ్రన్, తర్వాత ఇష్ బిన్ డ్రన్. ప్లేటు వచ్చేలోపు అన్ని రూపాలూ ఒక రౌండు అయిపోతాయి. పుస్తకంలో పట్టిక చదివితే రాని స్పీడు ఇలా వస్తుంది, ఎందుకంటే ఎదురుగా నిజంగా మనుషులున్నారు, నిజంగా నా వంతు ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాను. మెట్రోలో కూడా అంతే. మెజెస్టిక్ స్టేషన్లో తలుపులు తెరుచుకోగానే దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ ఒకేసారి కదిలే ఆ క్షణంలో నాకు గుర్తొచ్చేది "బిట్టె ఎర్స్ట్ ఔస్‌ష్టైగెన్ లస్సెన్", ముందు దిగేవాళ్లని దిగనివ్వండి. జర్మనీలో రైళ్ల దగ్గర తరచు వినపడే మాట ఇది.

లైనుకి సంబంధించి వాళ్ల సామెత ఒకటుంది: "వేర్ ట్సుఎర్స్ట్ కొమ్ట్, మాల్ట్ ట్సుఎర్స్ట్". ముందొచ్చినవాడే ముందు పిండి ఆడించుకుంటాడు అని. ఇది ఊరికే పుట్టిన మాట కాదు, ఒకప్పుడు రాసిపెట్టిన న్యాయం. 13వ శతాబ్దం మొదట్లో ఐకె ఫొన్ రెప్గో అనే ఆయన సాక్సన్‌ల ఆచార న్యాయాన్నంతా ఒకచోట చేర్చి సాక్సెన్‌ష్పీగెల్ అనే గ్రంథం రాశాడు, మిల్లు దగ్గర ఎవరు ముందొస్తే వాళ్లే ముందు ఆడించుకోవాలన్న నియమం అందులో ఉంది. ఎనిమిది వందల ఏళ్లుగా ఆ మాట వాడుకలో ఉందంటే వంతు గురించి వాళ్ల పట్టింపు ఎక్కడిదో తెలుస్తుంది. పిండిమర దగ్గర డబ్బాలు వరసలో పెట్టి పక్కన కబుర్లు చెప్పుకున్నవాళ్లకి, అంటే మా అమ్మ తరం వాళ్లకి, ఈ సామెత వివరించక్కర్లేదు.

ఇక ఆటలు. ఈ మాటలు పూర్తిగా ఒంటపట్టాలంటే ఆటని మించింది లేదు, దీని గురించి మాత్రం కాస్త ఎక్కువే చెబుతాను. జర్మన్ ఇళ్లలో అందరికీ తెలిసిన ఆట "మెన్ష్ ఎర్గెరె డిష్ నిష్ట్", పేరుకి అర్థం ఓ మనిషీ కోపం తెచ్చుకోకు అని. యోజెఫ్ ఫ్రీడ్‌రిష్ ష్మిట్ అనే ఆయన మ్యూనిక్‌లో తన పిల్లల కోసం తయారు చేశాడు, 1914 నుంచి పెద్ద ఎత్తున అమ్మకానికొచ్చింది. బోర్డు చూస్తే మీకే అర్థమవుతుంది, అది మన పచ్చీసే. పచ్చీసు ఇంగ్లండ్ వెళ్లి 1896లో లూడో అయింది, అదే కుటుంబంలోది ఈ జర్మన్ ఆట కూడా. మా అమ్మమ్మ గవ్వలతో అష్టాచెమ్మా ఆడేది, నాలుగు పడితే చెమ్మా, ఎనిమిది పడితే అష్టా, ఆ రెండిట్లో ఏది పడినా ఇంకో పందెం. అక్కడ ఆరు పడితే ఇంకోసారి. కాయని చంపితే అది మళ్లీ ఇంటికి. కాబట్టి మనం జర్మన్ నేర్చుకోవడానికి కొత్త ఆట నేర్చుకోవాల్సిన పని లేదు, ఇంట్లో ఉన్న లూడో బోర్డు చాలు.

మా అక్క కొడుకు మూడో తరగతి. వాళ్లది మారతహళ్లి, సెలవు రోజు వాడు మా ఇంటికొస్తే లూడో పెట్టుకుంటాం, షరతు ఏమిటంటే బోర్డు మీద చెయ్యి పెట్టాలంటే జర్మన్ మాట అనాలి. ఆట మొదలెట్టే ముందు "వేర్ ఫెంగ్ట్ అన్?", ఎవరు మొదలుపెట్టాలి. చాలా జర్మన్ ఆటల రూల్సులో "డేర్ యుంగ్‌స్టె ఫెంగ్ట్ అన్" అని ఉంటుంది, అందరికంటే చిన్నవాళ్లు మొదలెట్టాలని, ఆ రూలు మావాడికి ప్రాణం. తర్వాత "ఇమ్ ఊర్‌ట్సైగర్‌జిన్", గడియారం ముల్లు తిరిగే దిక్కున. ఇలా చుట్టూ ఒక్కొక్కరికీ రావడాన్ని "రైఉమ్" అంటారు, చిన్న మాట, చాలా పనికొస్తుంది. మొదట్లో వాడు అలవాటుకొద్దీ "నా చాన్స్, నా చాన్స్" అని అరిచేవాడు, ఇప్పుడు "యెట్స్‌ట్ ఇష్!" అంటాడు, ఇప్పుడు నేను అని. ఆరు పడితే "జెక్స్! నొఖ్ మాల్!", ఇంకోసారి. బావ పాచిక పక్కన పెట్టుకుని ఫోన్ చూస్తుంటే వాడు మోచేత్తో పొడిచి "నాన్నా, డూ బిస్ట్ డ్రన్" అంటాడు, బావకి జర్మన్ ఒక్క ముక్క రాదు, అయినా ఆ ఒక్క వాక్యానికి మాత్రం ఠక్కున చెయ్యి పాచిక మీదికి వెళ్తుంది. నేర్చుకోవడమంటే అదే కదా.

ఒకసారి పాచిక సోఫా కిందికి దొర్లిపోయింది. అందరం వంగి వెతుకుతుంటే వాడు నేల మీద బోర్లా పడుకుని సోఫా కిందికి తల పెట్టి, అక్కణ్నించే "పిన్నీ, ఇది లెక్కలోకి రాదు, నొఖ్ మాల్, ఇంకా ఇష్ బిన్ డ్రన్" అన్నాడు. బయటికి తీశాక చూస్తే ఒకటి పడి ఉంది, అందుకన్నమాట ఆ తొందర. కానీ ఆ వాక్యంలో తెలుగూ జర్మనూ ఎక్కడ అతికాయో కూడా తెలీనంతగా కలిసిపోయాయి, వాడు అర్థాన్ని అనువాదం చేసుకోవట్లేదు, తన హక్కు తను అడుగుతున్నాడు. పెద్దవాళ్లం కూడా ఈ మాటల్ని ఇలా అవసరంతో అనాలని నా కోరిక. ఇంకో రెండు ఆట మాటలు చెప్పి వదిలేస్తాను: "ఐనె రుండె ఔస్‌జెట్సెన్" అంటే ఒక రౌండు ఆగిపోవాలి, మన వంతు పోయిందని, చెస్ లాంటి ఆటలో అయితే డ్రన్ బదులు "డూ బిస్ట్ అమ్ ట్సూక్" అంటారు, ఎత్తు వేయాల్సింది నువ్వని.

క్లాసులో ఇంకో రెండు క్రియలు అవసరమవుతాయి. వంతు రావడం డ్రన్‌కొమ్మెన్, టీచర్ మనల్ని పిలిచి వంతు ఇవ్వడం డ్రన్‌నేమెన్. "వన్ కొమ్మె ఇష్ డ్రన్?" అంటే నా వంతు ఎప్పుడొస్తుంది. ఈ డ్రన్ ఊడి వెళ్లి వాక్యం చివర కూర్చుంటుందని గమనించండి. భూతకాలంలో మళ్లీ వచ్చి అతుక్కుంటుంది: "ఇష్ బిన్ హొయ్టె నొఖ్ నిష్ట్ డ్రన్‌గెకొమ్మెన్", ఇవాళ నాకింకా వంతు రాలేదు. కొమ్మెన్ కాబట్టి సహాయక్రియ "హాబె" కాదు, "బిన్". మా క్లాసులో కడప నుంచి వచ్చిన నర్సు ఒకమ్మాయి ఉంది, నెమ్మదస్తురాలు, ముందు బెంచీ వాళ్లు గబగబా చెప్పేస్తుంటే వెనకాల నోట్సు మూసుకుని కూర్చునేది. ఒకరోజు చెయ్యెత్తి ఈ వాక్యమే అంది, తప్పులేకుండా. మేడమ్ వెంటనే పుస్తకం పక్కన పెట్టి ఆ అమ్మాయికే వరసగా రెండు ప్రశ్నలు ఇచ్చింది. అడిగితే ఇస్తారు, కానీ అడగడానికి మాట కావాలి.

పరీక్ష రాసేవాళ్లకి డ్రన్‌కొమ్మెన్ ఇంకో రకంగా కూడా దగ్గరది. "వస్ కొమ్ట్ ఇన్ డేర్ ప్ర్యూఫుంగ్ డ్రన్?" అంటే పరీక్షలో ఏమొస్తుంది అని. ప్రతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో రోజూ అడిగే ప్రశ్న.

డ్రన్ ఇతర అర్థాల గురించి గబగబా. "ఇష్ బిన్ ష్పేట్ డ్రన్" అంటే నాకు లేటవుతోంది, బెంగళూరులో ఉండేవాళ్లు రోజూ వాడుకోవచ్చు. ఫోన్లో "బ్లైబెన్ జీ డ్రన్" అంటే లైన్లోనే ఉండండి. ఆఫీసులో ఆ పని ఏమైంది అని అడిగితే "ఇష్ బిన్ డ్రన్" అంటే అదే పని మీదున్నానని. గొంతు పెంచి "యెట్స్‌ట్ బిస్ట్ డూ డ్రన్!" అంటే నీ పని చెప్తా చూడు అనే బెదిరింపు. గొంతు, ముఖం చూస్తే ఏదో తెలిసిపోతుంది, కంగారు పడక్కర్లేదు.

కలిసి ఉండే ఇంట్లో మాటలు మాత్రం వదలకూడదు, ఎందుకంటే ఎం.ఎస్.కి వెళ్లే మన పిల్లలు చాలామంది నలుగురైదుగురు కలిసి ఒక ఫ్లాట్‌లో ఉంటారు. వంటగది గోడ మీద శుభ్రం చేసే పనుల పట్టిక ఉంటుంది, ఏ వారం ఎవరు బాత్‌రూమ్, ఎవరు చెత్త. ఏ పని వంతో చెప్పాలంటే "మిట్" కలుపుకోవాలి: "డూ బిస్ట్ హొయ్టె మిట్ కొఖెన్ డ్రన్", ఇవాళ వంట నీది. "వేర్ ఇస్ట్ మిట్ డేమ్ బాట్ డ్రన్?", బాత్‌రూమ్ ఎవరి వంతు. వంతులవారీగా చేసుకుందాం అనడానికి "వీర్ వెక్సెల్న్ ఉన్స్ అప్". తమ్ముడున్న స్టుట్‌గార్ట్ వైపు, అంటే ష్వాబియన్ ప్రాంతంలో, కేర్‌వొఖె అని పాత ఆచారం ఉంది. మెట్లు, వరండా, ఇంటి ముందు కాలిబాట ఊడ్చే వంతు వారానికొక ఇంటికి వస్తుంది, ఎవరి వంతైతే వాళ్ల తలుపుకి ఒక చిన్న బోర్డు వేలాడుతుంది, వారం అయ్యాక పక్కింటి తలుపుకి తగిలించాలి. "తలుపు తీస్తే బోర్డు, అక్కా, ఎవరూ నోరెత్తక్కర్లేదు" అన్నాడు వాడు. "చీపురు పట్టావా మరి?" అంటే, "పట్టకపోతే ఊరుకుంటారా, పైనున్న పెద్దాయన వచ్చి మెట్టు మెట్టూ చూస్తాడు" అన్నాడు. ఇంట్లో అమ్మ ఎంత మొత్తుకున్నా చీపురు ముట్టనివాడు.

తర్వాతి కాఫీ నేను ఇప్పిస్తా అనడానికి కూడా ఇదే మాట: "నేష్‌స్టెస్ మాల్ బిన్ ఇష్ డ్రన్". మనవాళ్లు బిల్లు దగ్గర నేనంటే నేనని చేతులు లాక్కునే చోట ఈ ఒక్క వాక్యం చాలా హుందాగా ఉంటుంది.

రోడ్డు మీద కూడా వంతులుంటాయి. రెండు లేన్లు ఒకటయ్యేచోట, ఆగిపోయే లేన్‌లోని బండ్లని సరిగ్గా ఇరుకు మొదలయ్యే ముందు, ఒకటి ఇటునుంచి ఒకటి అటునుంచి చొప్పున కలవనివ్వాలని వాళ్ల రోడ్డు ట్రాఫిక్ నియమావళి 7వ సెక్షన్ 4వ క్లాజులోనే రాసుంది. పేరు రైస్‌ఫెర్‌ష్లుస్‌ఫెర్‌ఫారెన్, జిప్పు పద్ధతి అని. డ్రైవింగ్ లైసెన్సుకి వెళ్లేవాళ్లు తప్పకుండా చదవాల్సిందే. బెంగళూరులో టిన్ ఫ్యాక్టరీ జంక్షన్ దగ్గర సాయంత్రం ఏడింటికి బస్సులో కూర్చుని చూస్తే ఆ క్లాజు విలువ తెలుస్తుంది, ఒక్కో బండి ముక్కు దూర్చి అందరం కలిసి అక్కడే ఆగిపోతాం.

అన్నిటికంటే కష్టమైన వంతు మాత్రం సంభాషణలోది. అక్కడ టోకెన్ లేదు, పాచిక లేదు, బోర్డు లేదు. నెదర్లాండ్స్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు 2009లో ప్రపంచం నలుమూలల పది భాషలు తీసుకుని, ప్రశ్న అయ్యాక జవాబు మొదలవడానికి ఎంతసేపు పడుతుందో కొలిచారు. సగటున సెకనులో అయిదో వంతు. భాషని బట్టి ఆ సగటుకి అటూఇటూ తేడా ఉన్నా అది కూడా సెకనులో పావు వంతు లోపే. అంటే మాతృభాషలో మాట్లాడేవాళ్లు ఎదుటివాళ్ల వాక్యం పూర్తయ్యేలోపే తమ జవాబు సిద్ధం చేసుకుంటున్నారని. మనం ఇంకా క్రియ ఎక్కడ పెట్టాలి, నామవాచకం ముందు డేర్ రావాలా డీ రావాలా అని ఆలోచిస్తుంటే వంతు వచ్చి వెళ్లిపోతుంది. మనకి భాష రాదని కాదు, సమయం చాలదు. కాబట్టి ఆలోచించక్కర్లేకుండా నోట్లోంచి వచ్చేసే నాలుగు మాటలు ముందే పెట్టుకోవాలి, అవి వంతు పట్టుకుని ఉంచుతాయి, ఆ వెనకాల మన వాక్యం నిదానంగా రావచ్చు.

నేను పెట్టుకున్నవి ఇవి. మాట్లాడాలనుంటే "డార్ఫ్ ఇష్ కుర్ట్స్ ఎట్‌వస్ జాగెన్?", ఒక్క మాట చెప్పొచ్చా. మధ్యలో ఎవరైనా అందుకుంటే "మొమెంట్, ఇష్ బిన్ నొఖ్ నిష్ట్ ఫెర్టిష్", ఆగండి, నాదింకా అవ్వలేదు. మీటింగుల్లో ఇంకా గట్టిగా కావాలంటే "లస్సెన్ జీ మిష్ బిట్టె ఔస్‌రేడెన్", నన్ను పూర్తిగా చెప్పనివ్వండి. ఈ ఔస్‌రేడెన్, అంటే చివరిదాకా మాట్లాడనివ్వడం, అక్కడ మర్యాదలో పెద్ద భాగం, అలా అడిగినందుకు ఎవరూ పొగరనుకోరు. వంతు ఎదుటివాళ్లకి ఇవ్వాలంటే "వస్ మైనెన్ జీ?", మీరేమంటారు. ఎదుటివాళ్లు మాట్లాడుతున్నంతసేపూ మనం ఊ కొడతాం కదా, ఫోన్లో ఊ కొట్టకపోతే అమ్మ "వింటున్నావా?" అని అడుగుతుంది, అలాగే అక్కడ "గెనౌ", "ఆఖ్ జో" అంటుంటారు, అవి వంతు లాక్కోవడం కిందికి రావు, ధైర్యంగా అనండి.

ఇంకో సంగతి, ఇది మనకి కలిసొచ్చేది. జర్మన్‌లో చాలా వాక్యాల్లో అసలు క్రియ చివరకొస్తుంది, కాదు, లేదు అని చెప్పే "నిష్ట్" కూడా చాలాసార్లు చివర్లోనే. వాక్యం అయ్యేదాకా ఆ మనిషి ఒప్పుకున్నాడో లేదో తెలీదు. తెలుగూ అంతేగా, వచ్చాడో రాలేదో చివరి మాట వింటేనే తెలుస్తుంది. చివరిదాకా వినే అలవాటు మన చెవికి చిన్నప్పట్నుంచీ ఉంది. జర్మన్ వింటున్నప్పుడు ఆ అలవాటునే వాడుకోండి, ఇంగ్లిష్ చెవితో వినకండి.

పరీక్షకి వెళ్లేవాళ్లకి చివరగా. గోథే ఇన్‌స్టిట్యూట్ వాళ్ల ఏ1 మాట్లాడే పరీక్ష గ్రూపులో జరుగుతుంది, కార్డు తీసి ఒకరు అడగాలి, ఇంకొకరు జవాబివ్వాలి, తర్వాత వంతు మారాలి. ఆ పై స్థాయిలు ఏ2, బీ1 అయితే ఇద్దరు కలిసి ఏదో ఒకటి ప్లాన్ చేసుకోవాలి, ఎప్పుడు కలుద్దాం, ఎవరేం తేవాలి అని. ఇద్దరూ మౌనంగా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటే సమయం పోతుంది, ఒకరే మాట్లాడేస్తే రెండోవాళ్లకి మార్కులుండవు. లోపలికి వెళ్లే ముందు బయట బెంచీ మీద పక్కవాళ్లతో ఒక్కసారి అనుకుని వెళ్లండి: "మ్యోష్టెన్ జీ అన్‌ఫంగెన్?", మీరు మొదలుపెడతారా. వాళ్లు సరే అంటే వినండి, మీరే అంటే మొదలుపెట్టి, మీది రెండు వాక్యాలు అవ్వగానే "ఉంట్ జీ?" అని వాళ్లకి ఇచ్చేయండి.